కట్టినవాళ్లే నీళ్లకు తోలాలి

నా చిన్నప్పుడు ఒక ఎనుము మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. కంచె వారగా నేను నా చేత్తో విత్తి పెంచుకున్న అనప తీగను, కాయ గింజ పట్టే రోజుల్లో, అది మొదలంటా మేసేసింది. దాన్ని కట్టేయాల్సిందేనని నేను పట్టుబడితే, మా తాతయ్య దాన్ని బందెలదొడ్డికి తోలించాడు. పరుల పైరులో పడిన పశువును, దాని సొంతదారు వచ్చి విడిపించుకునేదాకా కట్టి ఉంచే రాళ్ల దొడ్డి అది. తంబళ్లపల్లె వైపు మెట్ట పల్లె మాది. ఆ దొడ్డి తాళంచెవి మా తాతయ్య మొలతాడుకు వేలాడుతూ ఉండేది.

తలుపు పడినప్పుడు నాకు తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి సాయంత్రం వరకే నిలిచింది. పొద్దు వాలాక తాతయ్య తలుపు తీసి, ఎనుము పలుపు నా చేతికిచ్చి, బావి దగ్గరి తొట్టికి తోలుకుపోయి నీళ్లు తాపి, కాసేపు తిప్పి తీసుకురమ్మన్నాడు.

"ఇది నా తీగను తినేసింది తాతా" అన్నాను ఏడుపుగొంతుతో.

"అందుకే నువ్వే తోలాల పాపా. ఎవురు కట్టినారో వాళ్లే నీళ్లకు తోలాల. కట్టినోళ్లు దాని దప్పి సూడకపోతే అది బందె గాదు, పగ."

అది మా ఊరి కట్టుబాటు. నేను ముక్కు చీదుకుంటూ ఎనుమును తోలుకుపోయాను. అది నీళ్లు తాగుతూ మధ్యలో తలెత్తి నా వైపు చూడడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను రోజూ డైరీ రాస్తున్నాను. చిన్నతనానికి డైరీ లేదు. అందుకే ఇకపై చెప్పబోయేదానిలో నేను చూసినదాన్ని చూసినట్టు, విన్నదాన్ని విన్నట్టు వేరుచేసి చెబుతాను.

ఏటా వేరుశనగ పీకిన తర్వాత మా చేనులో గొర్రెల మంద కట్టించేవాళ్లం. రాత్రుళ్లు మంద పడుకుంటే చేనుకు ఎరువు. ఆ మంద తెచ్చే ఆయనను మేమంతా గొర్రెల మామ అనేవాళ్లం. చుట్టం కాదు, వరస అంతే. భుజాన కంబళి వేసుకుని, పొద్దుపొడుపు నుంచి మునిమాపు దాకా నడుస్తూనే ఉండే మనిషి. ఆయన కూర్చోగా నేను చూసింది అన్నం తినేటప్పుడు మాత్రమే. గుట్ట అవతల ఉన్న గొర్రెలను ఒక్క ఊపిరితో పొడుగ్గా పిలిచేవాడు. ఆ గొంతు మా ఇంటి దాకా వినిపించేది.

ఒక ఏడు ఆ మంద, ఇంకా పీకని మా చేనులో పడింది. మా చిన్నాయన అడగడానికి పోయాడు. అక్కడ ఎవరి నోట ముందు చెడ్డమాట వచ్చిందో నేను వినలేదు. చెప్పినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు. గొర్రెల మామ చేతికట్టె చిన్నాయన కుడి భుజం మీద పడిందన్నది మాత్రం నిజం. బండి మీద పడుకోబెట్టి తెచ్చిన చిన్నాయనను నేను చూశాను. చుట్టుపక్కల పల్లెల్లో చెడుగుడు అంటే మా చిన్నాయన పేరే చెప్పేవాళ్లు. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరు, ఎముక అతుక్కుంటుంది కానీ చెయ్యి భుజం దాటి పైకి లేవదని చెప్పాడు.

ఊరి పెద్దలు రాజీ అన్నారు. మా తాతయ్య ఒప్పుకోలేదు. తనే పోయి పోలీసులకు చెప్పాడు. గొర్రెల మామను సబ్ జైలులో పెట్టారు. అది ఏ ఊరి జైలో చెప్పను. ఆ కాలంలో సబ్ జైళ్లన్నీ దాదాపు ఒకేలా ఉండేవని తర్వాత తెలుసుకున్నాను.

చిన్నాయనకు అన్నం తీసుకుని నేనూ తాతయ్యా ఆసుపత్రికి పోతుండేవాళ్లం. ఒకనాడు ఆ వరండాలోనే గొర్రెల మామ ఎదురయ్యాడు. ఒక జైలు వార్డరు ఆయనను రెక్క పట్టుకుని నడిపిస్తున్నాడు. కాళ్లు రెండూ వాచి, పాదాలు ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉన్నాయి. కంబళి లేదు. మమ్మల్ని చూసి కూడా చూడనట్టు నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

తాతయ్య వార్డరును ఏమైందని అడిగాడు.

"ఏముండాది పెద్దాయనా, గోడకు ఆనుకోని కూసున్నోడు లేస్తే గదా! తినడు, పలకడు. పది మంది పట్టే గదిలో అంతకు రెండింతలు ఉండారు. పొద్దున మొహం కడుక్కునేదానికి వదిలితే అట్లనే నిలబడిపోతాడు. డాక్టరేమో నడిపించండి అంటాండాడు. యాడ నడిపించేది? నా నెత్తి మీదనా?"

తిరుగు బస్సులో తాతయ్య మొలతాడుకున్న తాళంచెవిని వేళ్లతో తిప్పుతూ కూర్చున్నాడు. మరుసటి వారం ఆసుపత్రికి కాక నన్ను నేరుగా జైలు గేటు దగ్గరికి తీసుకుపోయాడు.

జైలరు లావుపాటి మనిషి, మాట పెళుసు. రోజూ ఆ ఖైదీలను కాసేపు ముంగిట్లో తిప్పమని తాతయ్య అడిగితే ముందు నవ్వాడు.

"ఇది జైలప్పా, జాతర గాదు. అయినా కొడుకు కోసరం వచ్చినావు, కాదనలేను. వానొక్కణ్ణి తిప్పితే తక్కినోళ్లు ఊరకుంటారా?"

"వాడు నా కొడుకు గాదు సార్. నా కొడుకు బుజం ఇరగ్గొట్టినోడు."

జైలరు కుర్చీలో ముందుకు వంగి, తాతయ్యకు మతి సరిగా ఉందా అన్నట్టు నన్ను చూశాడు.

"మరి నీకు యాల?" అన్నాడు చివరికి.

"కట్టించింది నేనే గదా. మావూర్లో కట్టినోళ్లే నీళ్లకు తోలాల. అందరినీ తిప్పండి సార్. కోర్టు ఏమంటాదో అది తర్వాత. కాళ్లు కుళ్లిపోవాలని నేను కేసు పెట్టలే."

జైలరు లేచి కిటికీలోంచి ముంగిలి చూశాడు. ఊరికే తిప్పితే ఒక్కడూ తిరగడని, ఏదైనా ఆట ఉంటే లేస్తారని అన్నాడు. తాతయ్య కోలాటం కోలలు తెచ్చిస్తానన్నాడు. "కట్టెతో కొట్టి వచ్చినోడికి మళ్లీ కట్టెలా! బాగుండాది పెద్దాయనా" అని జైలరు ఈసారి నిజంగానే నవ్వాడు. తాడు వద్దు, కట్టె వద్దు, రాయి వద్దు. కాసేపు ఆలోచించి తనే చెప్పాడు.

"ఏ సామానూ అక్కర్లేనిది ఒకటే. చెడుగుడు."

ఆ మాట వినగానే తాతయ్య చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. నాకు నొప్పి పుట్టింది. చెయ్యి సడలించి, "సరే సార్, ఆడించండి" అన్నాడు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ ఆ దారిన పోతున్నప్పుడు మా ఇద్దరి కాళ్లూ ఒకేసారి ఆగాయి. జైలు గోడ అవతల మట్టిలో కాళ్ల చప్పుడు, కేకలు, నవ్వులు. వాటి మధ్య ఒక్క ఊపిరిలో తెగకుండా సాగుతున్న కూత. గుట్ట అవతలి గొర్రెలను పిలిచిన గొంతే అది. తాతయ్య గోడ నీడన నిలబడి ఆ కూత ఆగేదాకా విన్నాడు. ఆగాక పంచె చెంగుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన తుడుచుకున్నది చెమటేనని అప్పుడు అనుకున్నాను.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తాతయ్య చెప్పలేదు, నన్ను చెప్పవద్దనీ అనలేదు. కానీ మాట ఊరికి చేరడానికి ఎంతసేపు? అప్పటికి చిన్నాయన ఇంటికి వచ్చి, చెయ్యి మెడకు వేలాడగట్టుకుని నులకమంచం మీదే ఉండేవాడు. దారిన పోయే ఒకాయన వాకిట్లో నిలబడి పలకరించాడు.

"ఏమప్పా, నీ సెయ్యి ఇరిసినోడు ఆడ నీ ఆటే ఆడుకుంటాండాడంటనే! మీ నాయనే ఇప్పించినాడంట గదా, బలే మనిసిలే!"

ఆయన నవ్వుకుంటూ పోయాడు. తాతయ్య చేను నుంచి వచ్చేసరికి చిన్నాయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. మా అవ్వ ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"నిజమేనా నాయనా?"

"నిజమేరా."

"యాల?"

"కట్టినోళ్లే నీళ్లకు..." అని తాతయ్య మొదలుపెట్టాడు.

"వాడు ఎనుము గాదు నాయనా, మనిషి." చిన్నాయన గొంతు పెంచలేదు. "నేనూ మనిషినే. నన్ను ఎవురు తోలాల నీళ్లకు?"

తాతయ్య చేతిలోని కొడవలిని చూరులో దోపి, కాళ్లు కడుక్కోకుండానే బయటికి పోయాడు. ఆ తర్వాత చిన్నాయన తాతయ్యతో కలిసి ఒక్క పంక్తిలో కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు.

కేసు ముగిసి గొర్రెల మామ తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఊరికి వచ్చాడు. మేము పిలవకుండానే మా చేను గట్టు అవతల మంద కట్టాడు. లోపలికి రాలేదు. చిన్నాయన వద్దనలేదు, రమ్మననూ లేదు. ఆ ఏడే చిన్నాయన భార్యతో కుప్పం వెళ్లి, అత్తగారి ఊరి దగ్గరే స్థిరపడ్డాడు. తాతయ్య పోయినప్పుడు వచ్చి, ఎడమ భుజాన పాడె మోశాడు.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా తవ్వుకోవడానికి కారణం ఉంది. మదనపల్లెలో రిటైరైనవాళ్లం కొందరం కలిసి ఒక చిన్న సంఘంగా ఉన్నాం. మా ప్రాంతపు జైలు ఒకదానికి వాలీబాలు, నెట్టు, క్యారం బోర్డులు ఇద్దామని ఒకరన్నారు. "కొట్టినోళ్లకూ దొంగలకూ ఆటలా? రేపు సినిమా కూడా సూపిస్తామేమో!" అని ఇంకొకరు. సంఘం రాతకోతలు చూసేది నేనే కాబట్టి రెండు పక్షాలూ నా వైపు చూశాయి. ఇద్దరి మాటా పద్ధతిగా రాసుకుని, ఇంటికి వచ్చి, నిద్రపట్టక, కుప్పం బస్సెక్కాను.

చిన్నాయన ముసలివాడయ్యాడు. వసారాలో కూర్చుని, ఎడమ చేత్తోనే చెంబు వంచి నాకు నీళ్లిచ్చాడు. సంగతంతా విని చెంబు పక్కన పెట్టాడు.

"ఇప్పించు పాపా. మనిషిని మూల కూసోబెట్టి కుళ్లబెట్టేది శిక్ష గాదు. మంచం మీద ఉండి నాకు తెలిసొచ్చింది."

"అయితే తాతయ్య చేసింది తప్పు కాదంటావా?"

"తప్పని నేను యానాడు అన్నాను? జైలు కాడికి పోయినోడు, దానికి ముందు నా మంచం కాడికి రావాల్సింది. 'సెడుగుడంటరా, నీకు సమ్మతమేనా' అని ఒక్క మాట అడగాల్సింది."

"అడిగుంటే ఏమనేవాడివి చిన్నాయనా?"

"వద్దనేవాణ్ణి." పళ్లు లేని నోటితో నవ్వాడు. "వద్దన్నా మీ తాత పోయేవాడే. అయినా అడగాల్సింది."

ఆటసామాన్లు ఇచ్చాం. ఇచ్చిన రోజు జైలు ముంగిట్లో నెట్టు కట్టారు. లోపలికి వచ్చి ఎన్నాళ్లయిందో తెలియని ఒక కుర్రవాడు మొదట నిలబడి చూశాడు, తర్వాత దిగాడు. బంతి కోసం ఎగిరినప్పుడు అతని కుడి చెయ్యి చెవి పక్కగా నిటారుగా పైకి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సంతోషమే కలిగింది. కానీ ఆ లేచిన చెయ్యి చూసినప్పుడు, ఇతని వల్ల ఎక్కడో ఏ ఇంట్లోనో మంచం మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో, వాళ్లకు ఈ వార్త ఎవరి నోట చేరుతుందో అనుకున్నాను. అది కనుక్కునే దారి నాకు తెలియదు. ఆ దిగులు నాలో అలాగే ఉంది.

నాకు తెలిసిన మంచం ఒకటే. మరునాడు పొద్దున్నే మళ్లీ కుప్పం బయలుదేరాను. ఫోనులో చెప్పొచ్చు కదా అన్నాడు మా అబ్బాయి. పుంగనూరు దాటాక బస్సు కిటికీలోంచి, గట్టు మీద మంద వెనక నడుస్తున్న ఒక మనిషి కనిపించాడు. ఆటసామాన్లు ఇచ్చిన మాట చిన్నాయనకు ఎవరో వాకిట్లో నిలబడి నవ్వుతూ చెప్పకముందే, ఆయన పక్కన కూర్చుని నేను చెప్పాలి.