బోణి బేరంలో కొన్న పొయ్యి పంకా

మా జనగామ బజారులో ఇంకెవరికీ చేతకాని పని నేను చేశాను. బొగ్గు పొయ్యికి గాలి ఊదే ఒక్క పంకాను రెండు ఊళ్లలో రెండు ముక్కలుగా కొన్నాను. మోటారు మహబూబాబాద్‌లో. రెక్కల చక్రం, దాని ఇనుప డబ్బా జనగామలో. రెండూ బోణి బేరాలే. ఓరుగల్లులో రెండు వందల పది పోసి కొత్తది కొనుక్కునేవాళ్లను తలుచుకుని జాలిపడ్డాను కూడా.

పొద్దున దుకాణం తెరవగానే వచ్చిన మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా గల్లా నిండదని మా వ్యాపారస్తుల భయం. ఆ భయం ఎంతవరకు వంగుతుందో నాకు బాగా తెలుసు. అరవై తొమ్మిది ఉద్యమంలో బడి మూతపడితే నాయిన నన్ను తెచ్చి గల్లా పక్కన కూర్చోబెట్టాడు. తర్వాత బడి తెరిచారు గానీ నేను మాత్రం అక్కడి నుంచి లేవలేదు. అందుకే షట్టరు లేచే వేళకు వెళ్లి, సగం ధర చెప్పి, వెనక్కి తిరిగి రెండడుగులు వేశాను. మహబూబాబాద్ మోటార్ల దుకాణాయన మొత్తుకున్నాడు.

"ఆగన్నా! పొద్దుపొద్దున్నే నా గల్లా ఎండబెడుతవా ఏంది? తీస్కపో. గని మల్ల వాపస్ తెస్తె మాత్రం తీసుకోను."

బోణి సరుకు వాపస్ తీసుకోకపోవడం మా దుకాణంలో కూడా ఉన్న పద్ధతే. నవ్వుకుంటూ మోటారు చంకన పెట్టుకుని బస్సెక్కాను.

పంకా నాకెందుకో చెప్పాలి. భూపాలపల్లిలో బొగ్గుబాయిల పనులు మొదలైన రోజులవి. జనగామ దుకాణం అన్నలది అయిపోయింది కనుక నేను ఇక్కడికి వచ్చి చిన్న కిరాణా పెట్టుకున్నాను. ముందు దుకాణం, వెనక ఒక గది. ఇక్కడ అందరివీ బొగ్గు పొయ్యిలే. గ్యాసు మా దాకా రాలేదు. కార్డు మీద ఇచ్చే కిరసనాయిలు దీపాలకే సరిపోయేది. బొగ్గు అంటుకునేదాకా గదంతా పచ్చటి పొగ. నా భార్యకు చిన్నప్పటి నుంచి ఆయాసం. కొత్త కాపురం నాలుగు నెలలు నిండకముందే దవాఖానలో చూపించుకుని కొడకండ్లలో వాళ్ల అమ్మగారింటికి వెళ్లిపోయింది.

వెళ్తూ ఒక్కటే మాటన్నది. "పొగ లేకుంట పొయ్యి మండినప్పుడు పిలవుండ్రి, వస్త."

ఆమె వెళ్లాక గదిలో మాట లేదు. పొద్దున ఒకసారి వండి రెండు పూటలా తినేవాడిని. దుకాణంలో ఎవరైనా చింతపండు ధర దగ్గర పట్టుబట్టితే నాకు సంతోషంగా ఉండేది. నేను వెంటనే దిగొస్తే కొని వెళ్లిపోతాడని కావాలనే గట్టిగా నిలబడేవాడిని. కాసేపు ఎదురుగా మనిషి ఉండేవాడు.

మోటారుకు చక్రం బిగించి, డబ్బాలో కూర్చోబెట్టి, దాని మూతి పొయ్యి కిందికి పెట్టి స్విచ్చి వేశాను. గుయ్యిమని తిరిగింది. వినడానికి ఎంతో జోరుగా ఉంది గానీ మూతి దగ్గర పెట్టిన కాగితం ముక్క బద్ధకంగా కదిలిందంతే. సాయంత్రం కరెంటు తక్కువని సర్దిచెప్పుకున్నాను. మధ్యాహ్నం వేసినా అంతే. మోటారు రెండు చివర్లా ఉన్న రంధ్రాల్లో నూనె పోశాను. డబ్బా విప్పి మసి తుడిచాను. మోటారు బాగుచేసే ఆయన్ని పిలిస్తే చేత్తో ఒకసారి తిప్పి, "కండెన్సర్ ఎండిపోయింది సేటూ" అని కొత్తది వేసి వెళ్లాడు. మోటారు వేగం పెరిగింది, గాలి మాత్రం పెరగలేదు. దుకాణం రెండు రోజులు మూసి దాని ముందే కూర్చున్నాను.

బాగుచేసి పిలవాల్సింది. పిలిచేశాక బాగుచేద్దామనుకున్నాను, అదొక తొందర. పంకా వచ్చిందని కార్డు ముక్క రాస్తే ఆమె ఆదివారం వాళ్ల అన్నతో కలిసి వచ్చింది. చేతిలో రెండు బట్టల సంచులున్నాయి. ఉండిపోవడానికే వచ్చిందని ఆ సంచులు చూడగానే అర్థమైంది.

పొయ్యి అంటించి స్విచ్చి వేశాను. మోటారు మోగుతూనే ఉంది, పొగ లేస్తూనే ఉంది. మా బావమరిది వాకిట్లోకి జరిగి నిలబడ్డాడు.

"బావా, పంకా అంటివి. గిది పాట వాడుతుంది గని పని జేస్తలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆ వేళ నేను ఊరుకుంటే ఏమయ్యేదో! దుకాణదారు నోరు ఊరుకోదు. "జర ఆగు, మంట అందుకుంటది. ఎంతకు దెచ్చిన్నో ఎరికేనా? మోటారు డెబ్బయికే. బోణి టైంల వట్టుకున్న" అన్నాను.

ఆమె దగ్గు ఆపుకుని నా వైపు చూసింది.

"నా పొయ్యి కాడ గూడ బోణి బేరమేనా?"

కోపంగా అనలేదు. రెండు సంచులూ మళ్లీ భుజాన వేసుకుంది. వాళ్ల అన్నే, "జర కూసో చెల్లె, అన్నం తిని పోదం" అన్నాడు. ఆమె వినలేదు. బస్సు దగ్గర ఛార్జీలకని నేను నోటు చాపితే, కొంగు ముడి విప్పి తన డబ్బులు తనే తీసింది.

మర్నాడు పొద్దున పంకా ఆపేసి, అది నెమ్మదించేదాకా ఊరికే చూస్తూ కూర్చున్నాను. చక్రం నిలబడబోయే ముందు దాని రెక్కల వంపు మొదటిసారి సరిగ్గా కనబడింది. నత్తగుల్ల లాంటి డబ్బా గాలిని ఒకవైపుకు తిప్పాలని చూస్తుంటే, మోటారు చక్రాన్ని రెండోవైపుకు తిప్పుతోంది. చక్రాన్ని చేత్తో డబ్బా వంపు వైపుకే గిర్రున తిప్పి మూతి దగ్గర అరచెయ్యి పెట్టాను. నా వేళ్ల బలానికే మోటారు కంటే ఎక్కువ గాలి వచ్చింది! రెండు ఊళ్ల సరుకు ఒకదాన్నొకటి ఎన్నడూ చూసింది కాదు, తిరగాల్సిన దిక్కు వాటికెట్లా కలుస్తుంది? ఒక్కచోట కొంటే దుకాణాయనే కలిపి చూసి ఇచ్చేవాడు.

కరెంటు తీగను కండెన్సర్ ఒక కాలు నుంచి రెండో కాలికి మార్చాను. మోటారు ఎదురు దిక్కుకు తిరిగింది. బొగ్గు నిమిషాల్లో ఎర్రబడింది, గదిలో పొగ పేరుకైనా లేదు. ఒక్కడికి సరిపడా బియ్యం కడిగి ఎసట్లో పోశాను. అంత మంట మీద అంత కొంచెం అన్నం తొందరగా ఉడికిపోయింది.

బాగైందని కార్డు రాశాను. జవాబు రాలేదు. ఆమె వచ్చింది గానీ ఆ ఏడు కాదు.

లెక్క ఇది. మోటారు డెబ్బై. చక్రం, డబ్బా ముప్పై అయిదు. కండెన్సర్ పదిహేను. బాగుచేసినాయనకు ఇరవై. నా బస్సు ఛార్జీలు ముప్పై. దుకాణం మూసిన రెండు రోజులకు పోయిన లాభం, తగ్గించి వేసుకున్నా యాభై. మొత్తం రెండు వందల ఇరవై, అంటే కొత్తదాని కంటే పది రూపాయలు ఎక్కువ. ఆమె రానుపోను ఛార్జీలు ఇందులో కలపలేదు. అవి ఆమే పెట్టుకుంది.