ఆగమని నేనన్న మాట

మా అన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. తొంభైల మొదట్లో ఒక వేసవిలో దుత్తలూరు దగ్గరున్న మా చేను కొలవడానికి ప్రైవేటు సర్వేయరు వచ్చాడు. గట్లు వంకరటింకరగా ఉన్న చేను అది. కాగితం మీద లెక్క వేస్తే ఒకసారి నాలుగెకరాలు, ఇంకోసారి నాలుగెకరాల ముప్పై సెంట్లు వచ్చింది. పక్క చేని రైతుకూ మా నాయనకూ మాటా మాటా పెరిగింది. అన్న గట్టు మీద కూర్చుని అంతా చూశాడు.

ఏడాదిన్నర తర్వాత అరచేతిలో ఇమిడే కంప్యూటరు ఒకటి తయారుచేశాడు. చిప్పులు, చిన్న తెర మద్రాసు నుంచి తెచ్చుకున్నాడు. గట్ల కొలతలు నొక్కితే విస్తీర్ణం తెలుగులో కనిపించేది. ఆ అక్షరాలు గీసింది నేను. అప్పుడు ఉదయగిరిలో లెక్కల టీచరుగా ఉండేదాన్ని. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుతూ ఒక్కో అక్షరం చేశాను. ఎకరాలు అనే మాటలోని మొదటి అక్షరం వంపు కుదరడానికే మూడు ఆదివారాలు పట్టింది.

సీతారామపురం పక్క ఒక చేలో దాన్ని మొదట వాడి చూశాం. ఆ చేను గల పెద్దాయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని తానే చదువుకున్నాడు. "నా చేను లెక్క నేనే చదువుకోవడం ఇదే మొదలు," అన్నాడు.

తర్వాత కావలి నుంచి, బద్వేలు నుంచి కూడా సర్వేయర్లు వెతుక్కుంటూ వచ్చారు. అన్న రెండు గదులు అద్దెకు తీసుకుని, టంకం పెట్టడానికి ముగ్గురు అమ్మాయిలను పెట్టుకున్నాడు. ఆ వీధిని అందరూ కంప్యూటర్ సందు అనేవాళ్లు.

రెండేళ్లకు అన్న రెండో రకం మొదలుపెట్టాడు. చేని ఆకారాన్ని కూడా తెర మీద గీసి చూపించేది అది. ఇంకా సగమే అయింది. నాకు చూపించి, "ఎవురికీ చెప్పబాక పాపా, అయినాక చూద్దాం," అన్నాడు.

ఆ నెలలోనే ఒక సర్వేయరు మా బడికి వచ్చి, ఆ కంప్యూటర్లు ఐదు కావాలని, అన్నకు చెప్పమని అడిగాడు. నాకు గొప్ప చెప్పుకోవాలనిపించింది. రెండు నెలలు ఆగండి, బొమ్మ గీసేది వస్తుంది అన్నాను. ఆయన ఆ సంగతి తోటి సర్వేయర్లందరికీ చెప్పాడు. అందరూ ఆగారు. పాతవి అమ్ముడుపోతే గాని కొత్తదానికి సామాను రాదు. మద్రాసు తెరలు ఆలస్యమయ్యాయి. రెండు నెలలు ఎనిమిది నెలలయ్యాయి. ముందు అమ్మాయిలు మానేశారు, తర్వాత గదులు ఖాళీ చేశాడు. అన్న నెల్లూరులో ఒక టీవీల సర్వీసు సెంటర్లో ఉద్యోగానికి చేరాడు. కొత్తది ఒక్కటి కూడా బయటికి రాలేదు.

మూడేళ్ల తర్వాత ఆత్మకూరులో బస్సు కోసం నిలబడినప్పుడు, ఆ సర్వేయరుతో నేనన్న మాట అన్నతో చెప్పాను. చెప్పడానికి అన్నేళ్లు పట్టింది.

"నాకు అప్పుడే తెలుసు," అన్నాడు అన్న. "ఆ సర్వేయరే చెప్పినాడు. అయినా నీకు చూపించింది నేనే గదా."

ఆ మాటలో కోపం లేదు. తెలిసిన తర్వాత కూడా ఆ ఎనిమిది నెలలూ అన్న ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చాడు, నా చేతి అన్నం తిన్నాడు, కొత్తదాని ముచ్చట్లే చెప్పాడు. నేను మాత్రం ఒక్క ఆదివారం కూడా నోరు విప్పలేదు.