కాలిన లోడ్, కొలతల దొర మీసం

ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ కొలతల దొర అంటారు. ముఖం మీద కాదు, వీపు వెనక. ముఖం మీద అనడానికి మీసం అడ్డొస్తుంది మరి. అది ఎంత దట్టమైనదంటే, ఓసారి అందులో చిన్న స్క్రూ పడితే వెతకడానికి టార్చిలైటు తెప్పించారు. స్క్రూ దొరకలేదు గానీ, అంతకుముందు ఎప్పుడో పోయిన పెన్సిలు ముక్క బయటపడింది. ఆయన వస్తున్నాడంటే ముందు గదిలోకి మీసం వస్తుంది, తర్వాత మనిషి వస్తాడు. పని మాత్రం తీరిక చూసుకుని ఎప్పుడో వస్తుంది.

వైర్‌లెస్ సెట్లలో పెట్టే, బిళ్లల్లాంటి బుల్లి యాంప్లిఫయర్లు అక్కడ తయారవుతాయి. వాటిని ఎనలైజర్ అనే యంత్రంతో కొలిచి, మంచివో చెడ్డవో తేల్చడం దొర పని. అయితే ఆ బిళ్లలు కరెంటు ఇస్తేగానీ మేలుకోవు. నిద్రపోయేవాణ్ణి ప్రశ్నలడిగి ఏం లాభం? అందుకని రేడియో సిగ్నల్‌నీ, పన్నెండు వోల్టుల సప్లైనీ ఒకే కేబుల్లో కలిపి పంపుతారు.

కొలిచేముందు క్యాలిబ్రేషన్ చెయ్యాలి. అంటే యంత్రానికి కళ్లు కడగడమన్నమాట. కేబుల్ చివర ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు చిన్న ముక్కలు వరసగా బిగిస్తారు. లోడ్ బిగించినప్పుడు "ఇదిగో, ఇది అచ్చంగా యాభై ఓములు, గుర్తుపెట్టుకో" అని యంత్రానికి చెప్పినట్టు. అదో పిచ్చి మాలోకం. చెప్పింది నమ్మేసి, ఆ నమ్మకం మీదే తర్వాత వచ్చిన ప్రతి బిళ్లకీ తీర్పు చెబుతుంది. ఇక ఆ ముక్కలు బిగించేటప్పుడు సప్లై ఆపి ఉండాలి. ఆ సంగతి గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంది. రాసింది దొరే. మిగతావాళ్ల కోసం.

"నా క్యాలిబ్రేషన్లో తప్పు చూపించిన రోజున మీసం తీసేస్తా," అని ఆయన కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. టీ తెచ్చే మనిషికి కూడా చెప్పాడు. అతను కప్పు పెట్టేసి వెళ్లిపోయాడు.

ఆ సోమవారం పైఆఫీసు నుంచి అతిథులొచ్చారు. దొరకి పూనకం వచ్చింది. సప్లై మీద పచ్చదీపం వెలుగుతుంటే బల్లకి కళగా ఉందని దాన్ని ఆపలేదు. ఒక చేత్తో మీసం తిప్పుతూ, రెండో చేత్తో లోడ్ బిగించి, విశ్వరహస్యాలన్నీ తన వేలికొసనే ఉన్నట్టు ఉపన్యాసం దంచాడు. చిటికెనవేలి గోరంత ముక్కలోకి పన్నెండు వోల్టులూ దూకాయి. అది పాపం నోరులేనిది, లోపల్లోపలే ఉడికిపోయింది. విప్పబోతే బొటనవేలు చుర్రుమంది.

"కొంచెం వేడెక్కిందే?" అన్నాడొక అతిథి.

"నా చెయ్యి పడితే ఇనుమైనా వేడెక్కుతుందండీ," అన్నాడు దొర, బొబ్బని పిడికిట్లో దాచుకుని.

అతిథులు వెళ్లాక క్యాలిబ్రేషన్ సరిచూశాడు. దేనితో? అదే లోడ్‌తో. తెరమీద గీత, ఉండాల్సినట్టే, అట్టడుగుకి పోయింది, అద్భుతంగా. దొంగనే సాక్షిగా పిలిస్తే కేసు అద్భుతంగానే ఉంటుంది.

మర్నాడు కొలతకొచ్చినవి వదిన బల్లమీది బిళ్లలే, అన్నీ తప్పాయి. వదినంటే దొర అన్న భార్య. పక్క హాల్లో సోల్డరింగ్ చేస్తుంది. అన్న నడుము పట్టేసి మంచమెక్కిన దగ్గర్నుంచీ ఇంట్లో పొయ్యి ఆమె చేతి మీదే వెలుగుతోంది. మేనేజరమ్మ దొరని అడిగింది, "మళ్లీ కొలిచి చూస్తారా?"

"మళ్లీయా! నేను కొలిచాక మళ్లీ అనే మాటే లేదు మేడమ్. సోల్డరింగే చెత్త. మా వదినైనా సరే, నా దగ్గర మొహమాటాల్లేవు."

ఆమె పెదవి విరిచింది. "రేపు పొద్దున అందరి ముందూ ఒక్కసారి కొలవండి. అప్పుడూ తప్పితే ఆవిణ్ణి మానిపించక తప్పదు."

ఆ సాయంత్రం ఇంట్లో వదిన కంచం పెట్టిన చప్పుడు వీధి చివరికి వినిపించింది.

"తిను మరిదీ, తిను. రేపట్నుంచి వండేందుకు ఏముంటుందో ఏమో."

"నన్నేం చెయ్యమంటావు వదినా? యంత్రం చెప్పింది."

"యంత్రానికి ఎవరు చెప్పారు?"

"నేనే. నేను చెప్పానంటే ఇంక తిరుగుందా?"

మంచం మీంచి అన్న మూలిగాడు. "ఒరేయ్, నీకు చెప్పులు ఎడమేదో కుడేదో చూపించి తొడిగిన మనిషిరా అది."

"అదీ ఇదీ ఒకటి కాదన్నయ్యా. ఇది సాంకేతికం."

"ఆ సాంకేతికానికే నెయ్యి పోయించుకో," అని వదిన లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున్న బల్ల చుట్టూ జనం మూగారు. వదిన బిళ్ల ఒకటి పెట్టి సప్లై వేశాడు. తప్పింది. రెండోదీ తప్పింది. దొర అందరివైపూ తిరిగి, "మంచి బిళ్లంటే ఎలా ఉంటుందో చూస్తారా?" అంటూ దూదిలో చుట్టి దాచుకున్న బంగారు బిళ్ల తీశాడు. అది బంగారంది కాదు, ఎప్పుడు కొలిచినా గీటు తప్పనిదని ఆ పేరు. ఏళ్ల తరబడి దాన్ని పసిబిడ్డలా సాకుతున్నాడు. దాన్ని బిగించాడు.

అదీ తప్పింది.

"ఇదీ పాడైపోయిందా?" అంది మేనేజరమ్మ.

"పాతబడింది," అనేస్తే చాలు. వదిన ఇంటికి పోతుంది, మీసం మూతిమీదే ఉంటుంది. దొర నోరు తెరిచాడు కూడా. అలవాటు చొప్పున చెయ్యి మీసం మీదికెళ్లింది. ఆ బిరుసు వెంట్రుకలు బొటనవేలి బొబ్బకి గుచ్చుకున్నాయి. ప్రాణం జివ్వుమంది. దాంతోపాటే సోమవారమూ, పచ్చదీపమూ, చుర్రుమన్న లోడూ కళ్లముందు నిలబడ్డాయి.

ఆ ఒక్క నిమిషంలో దొర పడిన యాతన ఏనుగు మోస్తే దాని నడుమూ పట్టేసేది. తలెత్తితే ఎదురుగా వదిన. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, తెరవంక కాదు, ఆయన వంకే చూస్తోంది.

"ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరుంటే పట్రండి," అన్నాడు దొర, తన గొంతు తనకే వినపడనట్టుగా. అలాంటి చవక మీటర్ని ఆయన ఎన్నడూ తన బల్ల మీదికి రానిచ్చినవాడు కాదు. దాని మొనలు లోడ్‌కి ఆనించాడు.

"ఎంతుంది?" అంది వదిన.

"అరవై ఎనిమిది."

"ఎంతుండాలి?"

"యాభై."

"మరి తప్పెవరిది?"

"ఈ ముక్కది."

"మరిదీ!"

"అంటే... ముక్కని కాల్చినవాడిది."

"ఎవరు కాల్చారు?"

దొర గోడమీద తను రాసిన పెద్దక్షరాల వైపు చూశాడు. అవి ఆయనకేమీ సాయం చెయ్యలేదు.

"నేనే వదినా. సప్లై వేసి ఉండగానే లోడ్ బిగించాను. సోల్డరింగ్‌లో ఏ తప్పూ లేదు మేడమ్, రాసుకోండి."

సప్లై ఆపి, బీరువాలోంచి కొత్త లోడ్ తీసి మళ్లీ క్యాలిబ్రేషన్ చేశాడు. ఈసారి బంగారు బిళ్ల నెగ్గింది. వదిన బిళ్లలూ నెగ్గాయి, ఒక్కటి తప్ప. "అది నాదే. ఆ రోజు మీ అన్నయ్యకి నొప్పి ఎక్కువై, నా ధ్యాస పనిమీద లేదు," అని వదినే దాన్ని తీసి చెత్తడబ్బాలో పడేసింది. మేనేజరమ్మ ఆమెని పనిలోకి వెళ్లమని చెప్పి, గోడమీది పెద్దక్షరాలు దొరకి వేలితో చూపించి వెళ్లిపోయింది.

సాయంత్రం దొర కాళ్లు కడుక్కుని వచ్చేసరికి కంచం పక్కన మంచినీళ్ల గ్లాసుకి బదులు రేజరూ, సబ్బూ, చిన్న అద్దమూ ఉన్నాయి.

"సగం తీస్తే సరిపోదా వదినా?"

"తప్పు సగమే చేశావా?"

గీసేశాక చూస్తే, ఇన్నాళ్లూ అంత మీసం వెనకాల ఉన్నది ఇంత చిన్న మూతా అని మంచంమీది అన్న నడుం నొప్పి మరిచి నవ్వాడు. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ దొరని ఆపి, ఎవరు కావాలని అడిగాడు.

మీసం మళ్లీ మొలిచింది. దాంతోపాటు బుద్ధి మొలిచిందనుకుంటే పొరపాటు. కొత్తగా చేరినవాళ్లకి ఇప్పుడాయన చెప్పే కథ వేరు: లోడ్ కాలిస్తే ఏమవుతుందో లోకానికి చాటడానికి తనే కావాలని కాల్చాడట, అతిథులు నిలబడి చప్పట్లు కొట్టారట. కథ అక్కడిదాకా వచ్చేసరికి పక్క హాల్లోంచి వదిన తాళాల గుత్తి గలగలమంటుంది. గుత్తికి ఆ కాలిన లోడ్ వేలాడుతుంటుంది.

దొర టక్కున నోరు మూసి, సప్లై స్విచ్ ఆపి ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత మూతి తడుముకుంటాడు.