నెయిల్ పాలిష్ పూసిన ఇటలీ పళ్ళెం

2022లో, మాస్కులు తీసేసిన కొత్తలో, సైన్స్ పార్క్ దగ్గరున్న మా చిన్న వర్క్‌షాప్‌కి సూర్యారావు గారు ఒక పళ్ళెం పట్టుకొచ్చారు. పాత పింగాణీ, మట్టి వస్తువులను పరీక్షించి బాగుచేయడం నా పని. ఆయనది కాకినాడ. ఈ దేశానికొచ్చి, జురాంగ్ ఐలాండ్‌లోని రసాయన ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇటలీ లస్టర్ పళ్ళేలంటే ఆయనకు పిచ్చి. వెంట వచ్చిన భార్య రత్నం గారు సంచి ఒళ్ళో పెట్టుకుని గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు.

మెరుగు పూసి కాల్చిన మట్టి పాత్ర మీద వెండి, రాగి లవణాలతో బొమ్మ దిద్ది, పొగ నిండిన బట్టీలో మళ్ళీ కాలిస్తే వచ్చే లోహపు మెరుపే లస్టర్. ఐదువందల ఏళ్ళ నాటి ఈ విద్య ఇటలీలో మరుగున పడిపోతే, పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి పనివాళ్ళు మళ్ళీ సాధించి, పాత నమూనాలనే కొత్తగా చేశారు. వాటిని రివైవల్ పళ్ళేలంటారు. ఇదీ అలాంటిదే. మధ్యలో పక్కకు చూస్తున్న స్త్రీ ముఖం, అంచు చుట్టూ ఆకులు.

"ఈ పక్కన మెరుపు పసుపు రంగులోకి మారిపోతోందమ్మా. కొన్నప్పుడు ఇలా లేదు," అన్నారాయన.

నాకూ అర్థం కాలేదు. కాల్చిన లస్టర్ గీసుకుపోతుందే గానీ పసుపు రంగుకు మారదు. గది చీకటి చేసి, తర్వాత వేసిన పూతలను పట్టిచ్చే యూవీ దీపం వేశాను. అంచున అరచేయంత మేర మాత్రం పాలమబ్బులా వెలిగింది. దూదిపుల్ల అసిటోన్‌లో ముంచి ఒక మూల తాకించాను. దూదికి బంగారు రంగు అంటుకుంది. మైక్రోస్కోపులో సన్నటి తళుకు రేకులు, వాటి కింద అతుకు గీత కనిపించాయి.

"అంకుల్, ఇక్కడ విరిగితే అతికించారు. పైన పూసింది లస్టర్ కాదు. నెయిల్ పాలిష్."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "విరగడమేంటమ్మా? పద్దెనిమిదేళ్ళుగా మా హాల్లోనే ఉంది. నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. అంటే నాకిది అమ్మిన ఆ షాపు ముసలాయన విరిగిందే అంటగట్టాడన్నమాట! నువ్వు చూసింది కాగితం మీద రాసివ్వు."

వస్తువు ఏ స్థితిలో ఉందో రాసే ఆ కాగితాన్ని మేము కండిషన్ రిపోర్ట్ అంటాం. శుక్రవారానికి ఇస్తానన్నాను.

మర్నాడు పొద్దున్నే రత్నం గారు వాళ్ళుండే బూన్ లే నుంచి ట్రైన్‌లో ఒక్కరే వచ్చారు.

"విరగ్గొట్టింది నేనేనమ్మా. పదకొండేళ్ళయింది. అప్పుడు ఆయనకి ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని, ఇంటిపట్టున ఉండేవారే కాదు. కర్టెన్ మారుస్తుంటే స్టూలు తగిలి కింద పడింది. విరిగిన ముక్క అతికించి, మా అమ్మాయి డాన్స్ ప్రోగ్రామ్‌కి కొన్న గోల్డ్ నెయిల్ పాలిష్ ఉంటే పైన పూసేశాను. తర్వాత చెబుదాంలే అనుకున్నా. ఆయన చూసి కూడా తేడా కనిపెట్టలేదు. ఇంక ఎలా చెప్పాలో తెలీలేదు. పాతకాలం రంగేదో అని రాసెయ్యమ్మా."

"అలా రాయలేను ఆంటీ. నెయిల్ పాలిష్ అనే రాయాలి. ఎవరు పూశారన్నది మాత్రం నేను రాయను."

ఆవిడ సంచి సర్దుకుంటూ, "అప్పుడు షాపాయన మీద పడుతుంది కదా?" అన్నారు.

పని అప్పగించింది ఆయన, రహస్యం ఆవిడది, నింద పడేది మా ముందు లేని మనిషి మీద. రెండు రోజులు ఆ రిపోర్ట్ రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఎటూ తేలలేదు.

శుక్రవారం ఇద్దరూ కలిసే వచ్చారు. సూర్యారావు గారు కూర్చోకుండానే మొదలుపెట్టారు. "పాత వస్తువులు సేకరించేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశా, ఆ షాపులో ఎవరూ కొనొద్దని. పొద్దున్న ఆయన ఫోన్ చేశాడు. 'ఐ సెల్ యూ గుడ్ వన్ లా' అని, మంచిదే అమ్మానని ఒకటే మాట. నువ్వు చెప్పమ్మా, నేను కొనేటప్పటికే ఈ పూత ఉందా, లేదా?"

ఏం చెప్పాలో తెలియకుండానే నోరు తెరిచాను. ఈలోగా వెనక నుంచి రత్నం గారు, "ఆ షాపాయన కాదండి. నేనే," అన్నారు.

ఆవిడ అంతా చెప్పారు. ఆయన కేకలేస్తారనుకున్నాను. పళ్ళెం వంకా, ఆవిడ వంకా మార్చి మార్చి చూశారు.

"ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఈ ముక్కే చూపించానే! మెరుపంటే ఇదీ అని..."

"పక్కనే ఉన్నానుగా."

"అప్పుడైనా చెప్పొచ్చుగా!"

"అందరి ముందా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఫోన్ తీసి, గ్రూపులో తప్పు తనదేనని టైప్ చేశారు. "పద, ముందు ఆయన షాపుకెళ్దాం," అని లేచారు. పళ్ళేన్ని ఏం చేయాలో చెప్పకుండానే వెళ్ళిపోయారు.

తర్వాత నెల రోజులు ఆయన ఫోన్లు. ఒకరోజు "తీసెయ్యమ్మా" అంటారు, ఇంకోరోజు "ఉండనీ" అంటారు. చివరికి తేల్చింది రత్నం గారే. "పూత తీసేసి మామూలు మీగడ రంగు వేసెయ్. మళ్ళీ మెరిపించకు. అడిగినవాళ్ళకి నేను చెప్పుకుంటా."

అలాగే చేశాను.

ఆవిడ ఆ రోజు నోరు విప్పకపోతే నేనేం చెప్పి ఉండేదాన్నో ఇప్పటికీ తెలియదు. తప్పు ఎక్కడ చేశానో మాత్రం తెలుసు. దీపం కింద చూసింది చెప్పి ఊరుకున్నాను. "ఇది ఎప్పుడు జరిగిందో ఈ పరీక్ష చెప్పదు అంకుల్" అన్న ఒక్క మాట మొదటి రోజే చేర్చాల్సింది. ఇప్పుడు ప్రతి రిపోర్ట్‌లో నాకు తెలిసినదానికంటే ముందు, తెలియనిది రాస్తాను.