బూర మూతి ముందు కుర్చీ

ఫ్రేనీబాయి పియానో మధ్యలో ఆపేయడానికి కారణం, లలితమ్మ తన భర్త చెవిలో గుసగుసగా చెప్పిన ఒక చిన్న మాట.

"గా బూరోణ్ణి జర ఆగుమనయ్యా! పిల్లది ఇనవడ్తనే లేదు!"

గుసగుస అని లలితమ్మ అనుకుంది. ఆఖరి వరుసలో కూర్చున్న పెద్దాయన మాత్రం కళ్లజోడు తీసి మరీ చూశాడు. ఫ్రేనీబాయి ఎవరికో గుండెపోటు వచ్చిందనుకుని పియానో మీంచి చేతులు తీసేసింది. వయొలిన్ వాయిస్తున్న లలితమ్మ కూతురు హారతి కమాను గాల్లోనే నిలిచిపోయింది. హార్న్ ఊదుతున్నాయన ఒక్కడే ఆగలేదు. తన చప్పుడులో తనకేమీ వినపడక ఇంకాస్త ఊది, తనతో ఎవరూ వాయించడం లేదని తెలిశాక ఆపాడు.

"ఎవరైనా పడిపోయారా?" అని ఫ్రేనీబాయి హిందీలో అడిగింది.

"ఎవ్వలు పడలే తల్లీ. మంచిగనే ఉన్నం. మీరు కానియ్యుండ్రి," అని లలితమ్మ తెలుగులో అభయమిచ్చింది.

ఆ హాల్లో ఆ మాట అర్థమైనవాళ్లు ఇద్దరే. ఒకరు సోమలింగం. అతను భర్త కాబట్టి అర్థం కానట్టు కూర్చోవడం అలవాటు. రెండోది హారతి. ఆ పిల్ల ముఖం కట్టుకున్న పట్టుచీర కన్నా ఎర్రబడింది. ఫ్రేనీబాయి తలూపింది. ముగ్గురూ మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

లలితమ్మకు గుసగుస రాకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. పెళ్లయి సిరిసిల్ల దిక్కునుంచి సూరత్ వచ్చింది మొదలు అక్కడి ఉధ్నా పేటలో సాంచాలనే మరమగ్గాల మధ్యనే నూలు కండెలు చుట్టింది. మరమగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్లకు రెండు రకాల మాటలే ఉంటాయి. ఒకటి అరుపు. రెండోది, అసలు గొంతే లేకుండా పెదవులతో, చేతులతో చెప్పుకోవడం. ఈ రెంటికీ నడుమ ఉండే గుసగుస అనేది వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

పైగా ఆమెకు కోపం. ఆ కోపం గల్లీ మొత్తానికీ తెలుసు. నల్లా దగ్గర వరుస తప్పినవాళ్ల మీద కోపం, రైల్వే స్టేషన్ ముందు ఒక మనిషి పట్టేచోట ముగ్గుర్ని కుక్కే ఆటోవాళ్ల మీద కోపం. కానీ అన్నింటికన్నా పెద్ద కోపం, ఆ వయొలిన్ జోలికి వచ్చినవాళ్ల మీద. హారతి చిన్నప్పుడు బడిలో సంగీతం చెప్పే ఫ్రేనీబాయి ఆ పిల్ల వేళ్లు చూసి, తన పాత వయొలిన్ చేతికిచ్చి, ఆదివారాలు తన ఇంటికి పంపమంది. పక్కగదిలో ఉండే సారక్కకు అది నచ్చలేదు.

"కట్టె మీద కట్టె రుద్దుడేందే లలితా? ఆడివిల్లకు గిదేం పని?"

"నీ కొడుకు పొద్దంత ఫోను మీద ఏలు రుద్దుతలేడా? ఆనికేం పని?" అని లలితమ్మ అడిగింది.

అంత పోట్లాడిన మనిషి, కూతురు వాయించగా ఒక్కసారి కూడా వినలేదు.

వాళ్లుండేది సాంచాల షెడ్డు పైగదిలో. కింద మగ్గాలు ఆడుతుంటే పైన గిన్నెలు వాటంతటవే గూట్లోంచి జరుగుతాయి. హారతి గోడవైపు తిరిగి గడ్డం కింద వయొలిన్ పెట్టుకుని వాయించేది. ఆ పిల్లకు తన పాట దవడ ఎముకలోంచే వినపడేది. తల్లికి కనిపించేది మాత్రం కమాను ముందుకూ వెనక్కూ పోయిరావడమే. మగ్గాలకు సెలవు ఆదివారం. ఆ రోజు హారతి ఫ్రేనీబాయి ఇంట్లో ఉండేది. దీపావళికి ఊరెళ్తే, రైలు తోపులాటలో విరుగుతుందని వయొలిన్‌ని టీచరమ్మ దగ్గరే వదిలేవాళ్లు.

"ఎట్లున్నదమ్మా?" అని కూతురు పెదవులు కదిపితే, "మస్తుగున్నది బిడ్డా," అని తల్లి పెదవులు కదిపేది. అబద్ధమే. అయినా ఎదిగే పిల్లతో ఇనవడ్తలేదని ఏ తల్లి అంటుంది?

అందుకే ఈ సాయంత్రం. నది అవతల, ఏసీ హాలు. బయట లారీ పోయినా లోపల తెలియదు. ఇవాళ విని తీరాలని లలితమ్మ ముందురోజు నుంచీ ఎవరితోనూ పోట్లాడకుండా ఓపిక దాచుకుంది. గుమ్మం దగ్గర తెల్లకుర్తా వేసుకున్న నిర్వాహకుడు దండం పెట్టి, కళాకారిణి తల్లిదండ్రులంటూ వాళ్లను వేదిక పక్కనే ప్రత్యేకంగా వేసిన రెండు కుర్చీల్లో కూర్చోబెట్టాడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

హార్న్ అంటే నత్తగుల్లలా చుట్టుకుపోయిన పెద్ద ఇత్తడి బూర. ఊదే మనిషి జనం వైపు చూస్తాడు, దాని మూతి మాత్రం అతని వెనక్కి, కుడిపక్కకి చూస్తుంది. అక్కడే ప్రత్యేక కుర్చీలు. హాలంతటికీ మెత్తగా, దూరంగా, కొండ అవతలినుంచి వస్తున్నట్టు వినపడుతున్న ఆ నాదం లలితమ్మకు నేరుగా ముఖాన కొడుతోంది. హారతి వేదికకు ఆ చివర ఉంది. మళ్లీ అదే కమాను, అదే పోయిరావడం. అదే వినపడకపోవడం. సాంచాలు పోయి బూర వచ్చింది, అంతే.

లలితమ్మకు ఒళ్లు మండింది. అతను కుడిచెయ్యి బూర మూతిలో దూర్చి ఊదడం చూసి ఇంకా మండింది. మూసుకునేకాడికి ఊదుడెందుకు? అరిస్తే పాట మళ్లీ ఆగిపోతుంది. ఇక చేతులు లేపింది. అరచేతిని కిందికి నొక్కుతూ 'తగ్గించు' అని, వేలితో బూర వైపు చూపిస్తూ 'వీణ్ణి' అని, షెడ్డు భాషలో కూతురికి సైగ చేసింది. ముందు వరుసలో ఒకావిడ, ఇది తాళం వేసే పద్ధతి కాబోలనుకుని తనూ అరచెయ్యి ఆడించింది.

వయొలిన్‌కి కాసేపు విరామం వచ్చింది. హారతి కళ్లు పెద్దవి చేసి, పెదవులు మాత్రం కదిపింది: "సప్పుడు జేయకుండ కూసో. నీకు దండం వెడ్త."

పాటలో మొదటి భాగాలు ముగిశాయి. ఇలాంటి కచేరీల్లో భాగానికీ భాగానికీ నడుమ చప్పట్లు కొట్టరు, అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. సోమలింగం జీవితమంతా మగ్గాల చప్పుడులో నిద్రపోయినవాడు, అది ఆగితేనే మెలకువ వచ్చేవాడు. ఊదినంతసేపూ హాయిగా నిద్రపోయి, ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచాడు.

"ఏందే, కరంటు వోయిందా?"

"నీ మొకం వోయింది. లే!"

లలితమ్మ కుర్చీ ఎత్తుకుంది. ఎత్తానని ఆమె అనుకుంది, వెనకకాళ్లు నేలమీదే ఉన్నాయి. పాలరాతి మీద అది చేసిన చప్పుడుకి ఫ్రేనీబాయి కళ్లు మూసుకుంది. తెల్లకుర్తా ఆయన వంగి వంగి పరుగెత్తుకొచ్చాడు.

"బేన్, శాంతి రాఖో! ఏం చేస్తున్నారు?" అని గుజరాతీలో బతిమాలాడు.

"శాంతి కోసమే వోతున్న. జరుగు."

అతను జరిగాడు. ఆమె ఎదురుగా ఉధ్నాలో ఎవరైనా జరగాల్సిందే, నది అవతల మాత్రం వేరే ఏముంటుంది? వేదికకు ఆ కొసన, కూతురి మోకాళ్లకు దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చుంది. హారతి తల్లివైపు చూడలేదు. చూసి ఉంటే ఏడ్చేదో, తిట్టేదో.

ఇక వచ్చింది నెమ్మదైన భాగం. పియానో ఒక్కో స్వరాన్నీ చీకట్లో మెట్టు వెతుక్కుంటున్నట్టు దించింది. తర్వాత వయొలిన్.

లలితమ్మకు మొదట అది వయొలిన్ అనిపించలేదు. ఎవరో ఆడమనిషి నోరు తెరవకుండా, గొంతులోనే ఏదో చెప్పుకుంటున్నట్టు ఉంది. కమాను చూసింది. తనకు తెలిసిన కమానే. పోతోంది, వస్తోంది. అది పోయి వచ్చినప్పుడల్లా ఇదా? తను పొయ్యి దగ్గర కూర్చుని పప్పు కలుపుతూ "మస్తుగున్నది" అన్నప్పుడల్లా వెనకాల గోడకేసి ఈ పిల్ల చెప్పుకున్నది ఇదా?

ఆమెకు దుఃఖం రావలసిన చోట కోపం వచ్చింది. ఆమెకు ఏదైనా అలాగే వస్తుంది. ఇంత బాధ దీనికెక్కడిది? ఎవడేమన్నాడు నా పిల్లని? బడిలోనా, బస్సులోనా? చెప్పదేం? చెబుతూనే ఉంది కదా ఇన్నేళ్లూ. కింద ఆ ముదనష్టపు సాంచాలు! షెడ్డు సేఠ్ మీద, ఆ పైగది కుదిర్చిన సోమలింగం మీద, తలూపిన తన తలమీద, అందరిమీదా ఒకేసారి కోపం వచ్చి, ఎవరిని తిట్టాలో తేలక, కొంగు నోట్లో కుక్కుకుంది. బూర కూడా మెల్లగా వయొలిన్‌తో గొంతు కలిపింది. ఈ కొసకు అది దూరంగా, మర్యాదగా వినపడింది. లలితమ్మ దాన్ని క్షమించలేదు గానీ, ఊదనిచ్చింది.

ఆఖరి భాగం గుర్రాలు పరుగెత్తినట్టు సాగి ముగిసింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. లలితమ్మ మాత్రం లేవలేదు. కొంగు ఇంకా నోట్లోనే ఉంది.

ఇంటికి తిరిగి వెళ్లే ఆటోలో, హారతి రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. వయొలిన్ పెట్టెను తల్లికీ తనకూ నడుమ పెట్టుకుంది. సోమలింగం డ్రైవరు పక్కన ఇరుక్కుని, ఇంజను మోతకు అప్పుడే కునుకు తీస్తున్నాడు. సాంచాల చప్పుడు దూరంనుంచి మొదలయ్యాక ఆ పిల్ల ఇక ఆగలేకపోయింది.

"అందరి ముంగట ఇజ్జత్ తీసినవమ్మా! ఫ్రేనీ ఆంటీ నన్నేమనుకుంటది? ఇన్నేండ్లసంది ఇంట్ల దినాం నా పాట ఇనుకుంటనే ఉన్నవు గద, ఇయ్యాల్ల ఒక్కనాడు సప్పుడు జేయకుంట కూసుంటే నీ సొమ్మేం వోతుండె?"

లలితమ్మ పెట్టెను తన ఒళ్లోకి లాక్కుంది.

"ఇంట్ల సూసిన్నే బిడ్డా, ఇన్నది ఇయ్యాల్లనే."