తలుపు మరిచిన గది

గోతిలో పడ్డవాళ్లు, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు మీకు తెలిసే ఉంటారు. తన చుట్టూ తానే గోడ కట్టించుకుంటూ, దానికి మైకులో వ్యాఖ్యానం కూడా చెప్పిన మహానుభావురాలు మాత్రం ఒక్కతే. నేనే.

అప్పుడు బెంగళూరులో కాంక్రీటు ప్రింటింగ్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మిశ్రమం మా యూనివర్సిటీది, యంత్రం వైట్‌ఫీల్డ్ దాటాక ఉన్న ఒక కంపెనీది. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు నాజిల్‌లోంచి కాంక్రీటు వస్తుంది. వరస మీద వరస పడి గోడ లేస్తుంది. ఆ రోజు పెద్ద బిల్డరు ఒకాయన చూడటానికి వచ్చారు. ఆయనకు నచ్చితేనే మా పరిశోధన ముందుకు సాగేది. లేదంటే ఎవరి దారి వారిది.

గుండ్రటి గది డిజైను నాది. ఉపన్యాసమూ నాదే. ఉత్సాహం పట్టలేక సరిగ్గా మధ్యలో నిలబడి మొదలుపెట్టాను. నాజిల్ నా చుట్టూ భక్తిగా ప్రదక్షిణలు చేస్తుంటే ఎవరికి మాత్రం ఒళ్లు తెలుస్తుంది చెప్పండి? గోడ నా ఛాతీ దాకా వచ్చింది.

కంపెనీ ఇంజనీరు ఫయాజ్ గారు యంత్రం ఆపారు. "ఏమ్మా, అంతా బాగుండాది. వాకిలి యాడుండాది?"

"ఇటువైపే సార్!" ఠీవిగా తిరిగాను. గోడ. అటు తిరిగాను. అటూ గోడే.

మా ప్రొఫెసర్ గారి మొహం సిమెంటు రంగుకు మారింది. "ఏ ఫైలు ఎక్కించావమ్మా?"

అప్పుడు వెలిగింది. నాజిల్ ఆగకుండా తిరుగుతుందో లేదో చూడటానికి, తలుపు ఖాళీ తీసేసి చేసుకున్న ఫైలు అది.

"ట్రయల్‌ది సార్..." మైకు ఆన్‌లోనే ఉంది. షెడ్డంతా వింది. "దూకేస్తాను సార్!"

"పచ్చి గోడ! చెయ్యేస్తే కూలుతుంది. కదలకు!" అని ప్రొఫెసర్ గారు కేకేశారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టి బయటికొచ్చి చూడు అని ఒక్కరూ అనలేదు.

చివరికి సిమెంటు బస్తాలు ఎత్తే క్రేన్ తెచ్చి, నాకు బెల్టు కట్టారు. "మెల్లగా ఎత్తప్పా! బస్తా కాదు, స్కాలరు!" అని ఫయాజ్ గారు అరుస్తుండగా, కాళ్లు ముడుచుకుని మైకుతో సహా గాల్లోకి లేచాను. బిల్డరు గారు ఫోనులో వీడియో తీస్తున్నారు.

నేను నేల మీద దిగగానే ప్రొఫెసర్ గారు క్షమాపణ మొదలుపెట్టారు. బిల్డరు గారు వినిపించుకోలేదు. గోడ చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చారు.

"ఎక్కడా అతుకే లేదే! గది సంగతి తర్వాత చూద్దాం. నీళ్ల ట్యాంకులు ఇట్లా వేసిస్తారా?"

ఒప్పందం కుదిరింది. ఆనందంతో నేను ఎగిరి గంతేస్తుంటే ఫయాజ్ గారు చెవిలో చెప్పారు. "ట్యాంకుకి వాకిలి పెట్టేవు తల్లీ!"

కాబట్టి ఇసుక, సిమెంటు, నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ గోడ లేస్తున్నా, ఉపన్యాసం ఎంత ముంచుకొచ్చినా, నేను బయటి వైపే నిలబడతాను.