బాపు చెవి మిషన్

దయ్యాలంటే నాకు నవ్వు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను పిరికిదని అనకుండా. కంప్యూటర్‌లో చీరల డిజైన్లు గీసి బతికేదాన్ని, కంటికి కనిపించని దానితో నాకేం పని?

సూరత్‌లో, ఆల్థాన్ అనే పేటలో మాది అద్దె ఇల్లు. మా బాపు ముప్పై ఏళ్లు సచిన్ పారిశ్రామికవాడలో మరమగ్గాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. అమ్మ ఉన్నన్నాళ్లూ సైగలతోనే సంసారం నడిచింది. పోయిన వానాకాలం అమ్మ చనిపోయింది. ఇంట్లో ఇద్దరమే మిగిలాం కదా, నాలుగు మాటలు చెప్పుకుందామని బాపుకి చెవి మిషన్ కొన్నాను.

వారం తిరక్కుండానే తీసి పెట్టెలో పెట్టేశాడు. ఎందుకని సైగ చేస్తే, "అది పెట్టుకుంటె మీ అవ్వ వంటింట్లకెల్లి పిలుస్తాంది బిడ్డా. నాకు బుగులైతాంది," అన్నాడు.

పోయిన అమ్మ పిలవడమేంటని నవ్వేశాను. దుకాణంలో చూపిస్తే మిషన్‌లో ఏ లోపమూ లేదన్నారు. అప్పటి నుంచి వంటింటికి వీపు పెట్టి కూర్చోవాలంటే నాకూ భయం. బయటి చప్పుడేదీ రానివ్వని ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నాను. పని కోసమని బాపుకి అబద్ధం చెప్పి, రోజంతా పాటలు పెట్టుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం పాలు పొయ్యి మీద పెట్టి, చెవులు మూసుకుని పనిలో పడ్డాను. బాపు బాల్కనీ పక్కన మంచం మీద పడుకున్నాడు. మిషన్ పెట్టె నా టేబుల్ మీదే ఉంది.

ఉన్నట్టుండి బాపు నన్ను దాటుకుని వంటింట్లోకి ఉరికాడు. ఇయర్‌ఫోన్లు లాగేసి వెనకే పరిగెత్తాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ బుసకొడుతోంది. బాపు పొయ్యి కట్టేసి, కిటికీ తెరిచి నా మీద మండిపడ్డాడు.

"మీ అవ్వ గంతగనం మొత్తుకుంటాంది, నీకు ఇనవడ్తలేదా?"

వాసన తగిలి లేచి ఉంటాడని నాకు నేనే ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ వంటింటికి దగ్గరగా ఉన్నది నేను. నాకే వాసన రాలేదు. మిషన్ లేని ఆ చెవులకి ఏం వినిపించిందో ఈరోజుకీ నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుతున్నాను. భయం పోయిందా అంటే, పోలేదు. కానీ ఆ రోజు అమ్మ మొదట నన్నే పిలిచిందేమో, ఎంతసేపు పిలిచిందో అని గుర్తొస్తే మాత్రం ఏడుపు ఆగదు.